వారాంతం గారికి తిరుపతి వాసి విన్నపం

మహారాజశ్రీ వారాంతం గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము.

నిన్న శనివారం ఒంటిపూటే ఆఫీసు. భోంచేసి కాస్త నడుము వాల్చుదామనుకుంటుండగా మా ఆవిడ చిన్నాన్న కొడుకు సకుటుంబంగా రైలు దిగాడు. "స్టేషనుకు వస్తే చాలు బావా" అన్నాడు. వెళ్ళాను. స్టేషను ఎదురుగా విష్ణునివాసం, అక్కడ దర్శనం టోకెన్లు అయిపోతే శ్రీనివాసం, అక్కడా అయిపోతే అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు. ఒక చేతిలో వాళ్ళ పులిహోర క్యారియరు, ఇంకో చేతిలో చంటివాడు. క్యూలో వాళ్ళ అత్తగారు నిట్టూర్చింది: "ఊళ్ళోనే ఉంటారు కదా నాయనా, కొండ మీద మీకెవరూ తెలియరా?"

మీరు ఊరికే రాలేదని నాకు తెలుసు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్ 10న ఆదివారం సెలవు దక్కింది. ఆ మహానుభావుడికి దండం. 1926లో హెన్రీ ఫోర్డు తన కార్ఖానాలో శనివారం కూడా వదిలేశాడు. తీరిక ఉంటేనే జనం కార్లు కొంటారన్నది ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ఆ కార్లన్నీ నిన్న అలిపిరి టోల్‌గేటు ముందు బారులు తీరి ఉన్నాయి.

1929లో సోవియట్ దేశం మిమ్మల్ని రద్దు చేసింది. యంత్రాలు ఆగకూడదని కార్మికులను ఐదు రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగుకు ఒక్కో రోజు సెలవిచ్చింది. మొగుడికి ఒకనాడు, పెళ్ళానికి ఇంకొకనాడు. నలుగురూ ఒకచోట చేరే దారే లేకుండా పోయిందని జనం మొత్తుకున్నారు. ఎంత చల్లని పాలన! చివరికి 1940లో మళ్ళీ మిమ్మల్నే పిలిపించుకున్నారు. వాళ్ళకు ఏడుకొండలు లేవు మరి.

స్థానికులకు దర్శనమంటారా, నెలలో మొదటి మంగళవారం. ఆ రోజు నాకు ఆఫీసు. తమిళ భక్తులు పోటెత్తే పురటాసి నెల శనివారాల మాట ఎత్తను, ఎత్తితే బీపీ పెరుగుతుంది.

అయ్యా, దేశమంతా పోరాడి తెచ్చుకున్న సెలవును మా ఇంట్లోనే ఎందుకు వాడుకోవాలి? మా మంచాల మీద, మా స్కూటరు మీద, మా పెట్రోలుతో! నేను కుర్చీలో కుదురుగా కూర్చునేది సోమవారం పొద్దున ఆఫీసులోనే. విశ్రాంతి కోసం సోమవారం దాకా ఆగేవాడికి మీరెందుకండీ, దండగ!

ఇట్లు,
తిరుపతి వాసి

తాజాకలం: బావమరిది దర్శనం చేసుకుని ఇందాకే రైలెక్కాడు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక లడ్డూ పెట్టి, "తినండి బావా, తిరుపతి లడ్డూ" అన్నాడు.