గడ్డిమోపులు మనకెందుకు?

ఇంగ్లండులోని సర్రే కౌంటీలో రాబర్ట్ ఫిడ్లర్ అనే రైతు అనుమతి లేకుండా కోటలాంటి ఇల్లు కట్టాడు. చుట్టూ గడ్డిమోపులు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, లోపల పెళ్లాం పిల్లలతో నాలుగేళ్లు కాపురం చేశాడు. ఇల్లు పూర్తయ్యాక నాలుగేళ్లు ఎవరూ అడగకపోతే ఇక కూల్చడానికి వీల్లేదన్నది అప్పటి అక్కడి చట్టం. 2006లో గడ్డి తీసేశాడు. గడ్డి తీయడం కూడా కట్టుబడిలో భాగమే కాబట్టి ఇల్లు ఇప్పుడే పూర్తయినట్టని తేల్చారు. 2016లో కోట నేలమట్టమైంది. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ ఆ నాలుగేళ్ల గడువును కూడా పదేళ్లకు పెంచేశారు.

పాపం, విజయవాడలో పుట్టి ఉంటే గడ్డి ఖర్చయినా మిగిలేది.

మన దగ్గర అలాంటి గడువేమీ లేదు. ఎన్నేళ్లు గడిచినా అక్రమం సక్రమం కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయితే కోర్టు ఏళ్లు లెక్కపెట్టకపోయినా మనవాళ్లు స్కీములు లెక్కపెడతారు. మొదట ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వంవారు, 2007 డిసెంబరు 15 లోపు అక్రమంగా కట్టినవాళ్లు డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోండి, ఇది ఒక్కసారికి మాత్రమే అన్నారు. తర్వాత ఆంధ్రలో 2014 డిసెంబరు 31 లోపు అన్నారు. ఆ తర్వాత 2018 ఆగస్టు 31 అన్నారు. తెలంగాణ మాత్రం తక్కువ తిందా, 2015 అక్టోబరు 28 అంది. 'ఒక్కసారికి మాత్రమే' అన్న మాట ఇన్నిసార్లు వినడం నాకు స్వీట్ల డబ్బా దగ్గర షుగరున్న మా మామయ్య తర్వాత ఇక్కడే.

మా పక్కింటి బాబాయిగారి పెంట్‌హౌస్ సంగతి చూడండి. మొదట బట్టలారేయడానికి రేకుల షెడ్డు. వాన జల్లు కొడుతోందని గోడలు. పనివాళ్లకని బాత్రూము. చివరికి మూడు రోజుల సెలవులు కలిసొచ్చినప్పుడు, శుక్రవారం సాయంత్రం సెంట్రింగు మొదలైతే సోమవారం పొద్దున్నకి శ్లాబు!

"ప్లాను లేకుండా కట్టేశారేంటి బాబాయిగారూ?" అన్నాను.

"ప్లాను లేకపోవడమేంట్రా, ఎప్పట్నుంచో ఉంది. పర్మిషనే లేదు" అన్నారు.

ఆయన బీరువాలో బంగారం కింది అరలో ఉంటుంది, ఇంటి పన్ను రసీదులు పై అరలో. జరిమానాతో కలిపి కట్టిన పన్నుకు ప్రతి రసీదూ లామినేషన్ చేయించారు. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని చట్టం చెబుతూనే ఉంది. కానీ కటాఫ్ తేదీకి ఇల్లు ఉందని చూపించడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తప్పు చేశానని ఏటేటా రసీదు పుచ్చుకునే నేరస్తుడు ఆయనొక్కడే!

చర్య తీసుకోలేదని మాత్రం అనకండి. ఫిర్యాదు మీద మున్సిపల్ సిబ్బంది వచ్చారు, డ్రిల్లుతో శ్లాబుకు రెండు బొక్కలు కొట్టారు, ఫొటోలు తీసుకుని మంచినీళ్లు తాగి వెళ్లారు. బాబాయిగారు ఒక బొక్క సిమెంటుతో పూడ్చేశారు. రెండో దాంట్లోంచి టీవీ కేబుల్ దింపి, "టు లెట్" బోర్డు పెట్టారు.