ఇంతకీ ఆ డిశ్చార్జి కాగితం ఏమైంది?

ముసలి సిపాయిల్ని కాగితాల కోసం సతాయించిందని పాతకాలపు అమెరికా పెన్షన్ ఆఫీసు మీద నోరు పారేసుకునేవాళ్లతో నేను ఏకీభవించను. యాభై ఏళ్ల కిందట యుద్ధం చేశానంటూ ఎవరో ముసలాయన కర్ర పొడుచుకుంటూ వస్తే, నమ్మేసి చేతిలో డబ్బు పెట్టడానికి అదేమన్నా సత్రమా? ప్రభుత్వం అన్నాక కాగితం అడుగుతుంది. అడగడమే దాని వృత్తి.

1832 జూన్ 7న అక్కడి కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. బ్రిటన్‌తో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో కనీసం ఆరు నెలలు పనిచేసిన మిలీషియా వాళ్లకి కూడా పెన్షన్ ఇస్తామంది. మిలీషియా అంటే రోజూ కవాతు చేసే సైన్యం కాదు. పిలుపు రాగానే నాగలి వదిలేసి, ఇంట్లో ఉన్న తుపాకీ భుజాన వేసుకుని వెళ్లి, రెండు మూడు నెలలు కాపలా కాసి, మళ్లీ కోతల వేళకి ఇల్లు చేరిన రైతులు. యుద్ధం 1783లో ముగిసింది. అంటే ప్రభుత్వం 49 ఏళ్లు తీరిగ్గా ఆలోచించింది. ఈలోగా చాలామంది చచ్చిపోయి ఖజానాకి తమ వంతు సాయం చేశారు.

చావకుండా మొండికేసినవాళ్లు కోర్టులో నిలబడి, ప్రమాణం చేసి, ఏడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఏడూ ఆణిముత్యాలే గానీ నా ప్రాణం మాత్రం ఆరోదాని మీదే ఉంది. డిశ్చార్జి కాగితం, అంటే నీ కొలువు అయిపోయింది ఇక ఇంటికి పో అని రాసిచ్చే కాగితం, ఇచ్చారా, ఇస్తే ఎవరిచ్చారు, ఆ కాగితం ఏమైంది? ఆ చివరి ముక్క చూడండి. పోయిందని వాళ్లకీ తెలుసు. అయినా అడగాలి. ముసలాయన నోటితోనే చెప్పించాలి.

కోర్టు హాలు ఊహించుకోండి.

"ఎప్పుడు పుట్టావు పెద్దాయనా?"

"1757 అని మా అమ్మ చెప్పేది."

"దానికి రికార్డు ఉందా?"

"బైబిల్లో మా నాన్న రాశాడు. ఆ బైబిలు మా అన్న పట్టుకుని కెంటకీ వెళ్లాడు."

"మీ కల్నల్ పేరు?"

చెప్పాడు.

"కెప్టెన్?"

ముగ్గురి పేర్లు చెప్పాడు. ముగ్గురూ పోయారన్నాడు.

"డిశ్చార్జి కాగితం?"

"కాగితమా? వాగు దాటాక కెప్టెన్ వెనక్కి తిరిగి, ఇక ఇళ్లకి పొండి అన్నాడు. పోయాం."

"అది రాతపూర్వకంగా అన్నాడా?"

ఇక్కడ గుమాస్తా కలం ఆపి ఎదురుచూస్తాడు. ముసలాయన వాగు ఎంత లోతుందో చెప్తాడు, చలి ఎంత ఉందో చెప్తాడు, ఎవరి చెప్పులు కొట్టుకుపోయాయో చెప్తాడు. గుమాస్తా ఒకే ముక్క రాసుకుంటాడు: కాగితం లేదు. తర్వాత ఈయన అబద్ధాలకోరు కాదని చెప్పడానికి ఊళ్లో పెద్దమనుషుల పేర్లు కావాలి, వీలైతే ఒక పాస్టర్ కూడా కావాలి. బ్రిటిష్ తుపాకీకి ఎదురు నిలబడ్డప్పుడు పాస్టర్ గారి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు పాపం.

మరి ప్రభుత్వం దగ్గర కాగితాలు లేవా అంటారేమో. ఉండేవి. 1800 నవంబరులో యుద్ధశాఖ ఆఫీసు తగలబడి, రికార్డులు దాంతోపాటే బూడిదయ్యాయి. తేడా గమనించండి. ఆఫీసులో కాగితం పోతే ప్రమాదం. ముసలాయన పెట్టెలో పోతే అనుమానం.

ఇక లెక్క. రెండేళ్లు పనిచేస్తే మామూలు సిపాయికి ఏడాదికి 80 డాలర్లు. ఆరు నెలలైతే 20. అయిదు నెలల 29 రోజులైతే నమస్కారం. 1780 అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ దగ్గర కొండజాతర కాదు, యుద్ధం జరిగింది. కొండల అవతలి నుంచి గుర్రాలెక్కి వచ్చిన మిలీషియా వాళ్లు సుమారు గంటలో బ్రిటిష్ పక్షపు దళాన్ని మట్టికరిపించారు. దక్షిణాది యుద్ధం మలుపు తిరిగింది. అంత తొందరపడి గెలిస్తే ఎలా? ఆరు నెలలు లాగి ఉంటే పెన్షన్‌కైనా పనికొచ్చేది.

అంతకుముందు 1818 చట్టం ఉంది. అది రెగ్యులర్ సైన్యంలో పనిచేసి పేదరికంలో పడ్డవాళ్లకి. 1820లో ఆస్తుల లిస్టు కూడా ఇవ్వమన్నారు. ఏడేళ్లు యుద్ధం చేసిన జోసెఫ్ ప్లమ్ మార్టిన్ ఇచ్చిన లిస్టులో రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది ఉన్నాయి. దేశభక్తికి పందిని కూడా లెక్కగట్టిన ఆఫీసు అది. డేనియల్ బేక్‌మన్ అనే ఆయన తన సేవకి రుజువు చూపలేక నూరేళ్లు దాటేదాకా బతికి, చివరికి 1867లో ఆయన కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ పెన్షన్ తీసుకోలేదు. ఓపిక ఉన్నవాడికి ఏదీ ఆలస్యం కాదు.

ఇంతవరకూ నవ్వాను. జెహూ గ్రాంట్ దగ్గరికొచ్చేసరికి నా వల్ల కావడం లేదు.

రోడ్ ఐలండ్‌లో బానిస. యజమాని బ్రిటిష్ పక్షం మనిషి. 1777లో గ్రాంట్ పారిపోయి డాన్‌బరీలో అమెరికా సైన్యంలో చేరాడు. గుర్రపు బండి తోలాడు, సైన్యానికి సరుకులు మోశాడు. సుమారు పది నెలలు! తర్వాత యజమాని వచ్చి పట్టుకుపోయాడు. ఆ సైన్యమే అప్పగించింది. 1832 చట్టం వచ్చాక దరఖాస్తు పెట్టాడు. కొట్టేశారు. ఆరు నెలలు చాలక కాదు. యజమాని దగ్గర నుంచి పారిపోయి చేసిన సేవ చట్టం కిందికి రాదట! దేశానికి శత్రువైన యజమాని హక్కు నిలబడింది, దేశం కోసం బండి తోలినవాడి హక్కు పోయింది. సిగ్గుండాలి. స్వేచ్ఛ కోసమే తిరగబడ్డామని చెప్పుకున్న దేశం, స్వేచ్ఛ కోసం పారిపోవడాన్నే నేరంగా రాసింది.

1836లో ఎనభై దాటి, చూపు పోయాక మళ్లీ ఉత్తరం రాయించాడు. ఊళ్లలో బ్రిటన్ మీద తిరుగుబాటుకి గుర్తుగా స్వేచ్ఛా స్తంభాలు నిలబెట్టడం, జనమంతా దానికోసం లేవడం చూసి తనకూ ఇష్టం కలిగిందని, అలా అనిపించడం పాపమైతే దేవుడు క్షమించాలని అందులో చెప్పుకున్నాడు. దేవుడి సంగతి నాకు తెలీదు. ఆఫీసు మాత్రం పైసా ఇవ్వలేదు.