నల్ల గ్లాసు, తెల్ల గ్లాసు

నేను స్టౌట్ పండితుణ్ణన్న ప్రచారం నా ప్రమేయం లేకుండానే పుట్టింది. నేను ఖండించకపోవడం వల్ల పెరిగింది. ఒకనాడు మిత్రుల మధ్య ఒక నల్లని బీరును పోర్టర్ అనాలా, స్టౌట్ అనాలా అన్న తర్జనభర్జన వచ్చినప్పుడు, 18వ శతాబ్దపు లండన్‌లో బరువులు మోసే కూలీలు ఇష్టపడి తాగిన బీరుకు పోర్టర్ అన్న పేరు వచ్చిందనీ, స్టౌట్ అంటే అప్పట్లో గట్టిది అని మాత్రమే అర్థమనీ, గాఢమైన పోర్టర్‌ను స్టౌట్ పోర్టర్ అంటూ ఉండగా కాలక్రమంలో వెనక మాట రాలిపోయి ముందు మాట మిగిలిందనీ ఎక్కడో చదివిన ముక్క ఒకటి వినిపించాను. చెప్పినది నిజమే. కాని ఆ ఒక్క ముక్కకే నాకు ‘గురువుగారు’ అన్న బిరుదు వచ్చి పడింది. అప్పటికి నేను జీవితం మొత్తం మీద తాగిన స్టౌట్ ఒకటిన్నర గ్లాసు దాటదన్న సంగతి ఎవరూ అడగలేదు, అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ బిరుదు పుణ్యమా అని ఒక సాయంత్రం మిత్రుడి ఇంట్లో ఒక క్రాఫ్ట్ స్టౌట్, అంటే చిన్న బ్రూవరీలో, బీరు తయారుచేసే చోట, కాచిన స్టౌట్ సీసా ముందు కూర్చోవలసి వచ్చింది. మేము నలుగురం. గృహస్థు ఒకరు, ఎవరేమన్నా నోటుపుస్తకంలోకి ఎక్కించే వ్రాయసగాడు ఒకరు, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నా రుజువు అడిగే సందేహి ఒకరు, నాలుగో మనిషిని నేను. సీసా అరలీటరుది. ఆల్కహాల్ 11 శాతం, అంటే 5 శాతం ఉండే మామూలు బీరు లీటరుకు పైగా తాగితే ఎంతో, ఈ ఒక్క సీసాలోనే అంత. లేబుల్ నల్లగా ఉంది. వేయించిన కాఫీ, కోకో, వెనిల్లా, ఓక్ చెక్క అని బంగారు రంగులో మెరుస్తున్న పెద్ద అక్షరాలను గంభీరంగా పైకి చదివాను. వాటి కింద, నలుపు మీద ముదురెరుపులో, చీమలబారు వంటి వరస మరొకటి ఉంది. అది చదవాలంటే జేబులోని కళ్లజోడు తీయాలి. గురువన్నవాడు లేబుల్ చదవడానికి కళ్లజోడు వెదుక్కోవడం బాగుండదని, ఆ వరసను బ్రూవరీ చిరునామాగా భావించి వదిలేశాను.

గృహస్థు ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను తీసినట్టే వంచబోతే వారించాను. ఇంతటి గాఢమైన స్టౌట్‌ను మరీ చల్లగా తాగితే వాసనలు పైకి లేవవనీ, 10 నుంచి 13 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి తాగాలనీ చెప్పాను. సలహా సరైనదే, కాని దానిలో ఒక ఇబ్బంది ఉంది: సీసా వేడెక్కే దాకా ఖాళీగా కూర్చున్న ముగ్గురు మనుషులు నాలుగోవాడి వైపే చూస్తారు. అందువల్ల నాకు తెలిసినదంతా ఆ అరగంటలోనే ఖర్చుపెట్టవలసి వచ్చింది.

డేనియల్ వీలర్‌తో మొదలుపెట్టాను. ఆయన 1817లో, కాఫీ గింజలను వేయించే డ్రమ్ము వంటి దానిలో మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, నల్లబడే దాకా వేయించే పద్ధతికి పేటెంటు పొందాడు. అప్పటి నుంచి, పెద్ద తొట్టెడు లేత రంగు మాల్ట్‌లో కొద్దిపాటి నల్ల మాల్ట్ కలిపితే చాలు, బీరు మొత్తం నల్లబడడం సాధ్యమైంది. ‘అంటే ఇందులోని నలుపు బలానికి గుర్తు కాదు, మాడుకు గుర్తు’ అని సందేహి తేల్చేశాడు. ఆ మాటలో నిజం ఉంది గనుకనే నాకు నచ్చలేదు. వెంటనే లండన్‌లోని సదర్క్ నుంచి, థ్రేల్ కుటుంబపు బ్రూవరీ నుంచి, రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ ఆస్థానానికి ఓడలెక్కి వెళ్లిన పీపాలను రంగంలోకి దింపి, ఇలాంటి గాఢమైన స్టౌట్‌కు ఇంపీరియల్ స్టౌట్ అన్న పేరు ఆ రాచబంధుత్వం వల్ల వచ్చినదేనన్నాను. సీసా ఇంకా చల్లగానే ఉండడంతో, ఆర్థర్ గిన్నెస్ 1759లో డబ్లిన్‌లోని బ్రూవరీ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9000 సంవత్సరాలకు కౌలుకు తీసుకున్న సంగతి కూడా బయటపెట్టాను. వ్రాయసగాడు సున్నాలు సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు అడిగి సరిచూసుకున్నాడు. సందేహి మాత్రం ఆ స్థలం యజమాని మనవలను తలచుకుని నిట్టూర్చాడు.

చివరకు సీసా మూత తీశారు. గ్లాసులోకి వంచుతున్నప్పుడు అది బీరు లాగా చిందలేదు, నూనె లాగా జారింది. పైన తేలిన నురగ కూడా తెల్లగా లేదు, పాకం రంగులో ఉంది. దీపానికి అడ్డంగా పట్టి చూస్తే అవతలి దీపం కనిపించలేదు. గ్లాసు అడుగున ఉబ్బి, మూతి దగ్గర సన్నబడిన రకం. లేచిన వాసన చెదరకుండా ముక్కుకు చేరడానికే ఆ ఆకారం. అయితే ఆ ఆకారాన్ని ఊహించినవాడు నా ముక్కు వంటి ముక్కును ఊహించి ఉండడు. వాసన పీల్చడానికి వంగినప్పుడు గ్లాసు అంచు కనుబొమల మధ్య ఆగింది గాని, ముక్కు మాత్రం ఆగకుండా నురగలోకి దిగింది. తల ఎత్తేసరికి ముక్కు కొసన నురగ ముత్యం ఒకటి నిలిచి ఉంది. అదీ ఈ విద్యలో ఒక అంగమే కాబోలని అనుకున్నారేమో, ఎవరూ నవ్వలేదు. వ్రాయసగాడు తన ముక్కును కూడా భక్తిగా నురగలో ముంచి తీశాడు.

ఇక అసలు ఘట్టం. ఇలాంటి స్టౌట్‌ను చప్పరింపులో మూడో వంతు చొప్పున పుచ్చుకోవాలి. నేను మాత్రం, చిన్న గుక్క తాగితే పండితుడు జంకాడనుకుంటారని, పుక్కిలించడానికి సరిపడేంత పుచ్చుకుని నోరంతా తిప్పాను. మొదట తీపి తగిలింది. దాని వెనక మాడిన గింజ చేదు, దాని వెనక చెక్క పెట్టె తెరచినప్పటి వాసన వంటిది ఏదో వచ్చాయి. బంగారు అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా నాలుక మీదకు నడిచి వస్తున్నాయన్న ఆనందంలో కళ్లు మూసుకుని మింగాను. ఎరుపు అక్షరాలు అప్పుడు వచ్చాయి.

ముందు గొంతు చివర ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఆ తరువాత మంట నాలుక మీదుగా ముందుకు వచ్చి, పెదవుల దాకా పాకి, అక్కడ చోటు చాలక చెవుల్లోకి ఎక్కింది. ముగ్గురూ నా ముఖం వైపే చూస్తున్నారు. వ్రాయసగాడి కలం కాగితం మీద ఆగి ఉంది. ‘ఏం తగులుతోంది, గురువుగారూ?’ అని గృహస్థు అడిగాడు. తేలు కుట్టిన దొంగ స్థితి నాది. నోరు తెరిస్తే అరుపు వచ్చేలా ఉంది గనుక, నోరు వీలైనంత తక్కువగా తెరచి ‘పొగ’ అన్నాను. వ్రాయసగాడు ‘పొగ’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. నా కళ్ల వెంట నీళ్లు కారడం చూసి, ఇంత తాదాత్మ్యంతో రుచి చూసేవాణ్ణి తానెన్నడూ చూడలేదని గృహస్థు మెచ్చుకున్నాడు.

మంటను చల్లార్చాలన్న తొందరలో అప్పుడు నేను చేసిన పని, తెలిసినవాడెవడూ చేయడు. ఆ స్టౌట్‌నే మరో గుక్క తాగాను. మిరపలోని క్యాప్సైసిన్ నిజానికి ఏ వేడినీ పుట్టించదు. వేడిని పసిగట్టే నరాల మీది గ్రాహకాన్ని తాకి, నోరు కాలుతోందని మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. సుమారు 42 డిగ్రీల వేడికి గాని మేలుకోని ఆ గ్రాహకం, ఆల్కహాల్ తగిలితే సుమారు 34 డిగ్రీలకే మేలుకుంటుంది. మనిషి నోటిలో ఉండే వేడే అంతకంటే ఎక్కువ. అంటే నేను నిప్పు మీద పోసినది నీళ్లు కాదు, నిప్పుకు అన్నగారిని. ఇవన్నీ మరునాడు తీరికగా చదివి తెలుసుకున్న సంగతులు. ఆ క్షణంలో నాకున్న శాస్త్రజ్ఞానమంతా ఒక్కటే, పక్కన మంచినీళ్ల గ్లాసు ఉందన్నది. అదీ గటగటా తాగాను. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. అందువల్ల మంట తగ్గలేదు సరికదా, అప్పటిదాకా దాని జోలికి పోని మూలలకు కూడా పద్ధతిగా చేరింది.

ఆ దశలో మానం కంటే ప్రాణం ముఖ్యమని తోచి, ‘పాలు’ అన్నాను.

గదిలో నిశ్శబ్దం ఆవరించింది. స్టౌట్ రుచి చూసే చోట పాలు అడిగిన మనిషిని వారు అదివరకు చూసి ఉండరు. గృహస్థు కలలో నడిచినట్టు వంటింట్లోకి వెళ్లి గ్లాసెడు పాలు తెచ్చాడు. నేను గడియారం చూసుకుని, చిన్న గుక్కలుగా, ప్రతి గుక్కనూ నోట్లో నిలిపి తాగాను. నిజానికి నిలిపినది శాస్త్రం కోసం కాదు, ఆ చల్లదనాన్ని వదులుకోలేక. పాలలోని కేసీన్ అన్న ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని తుడిచిపెడుతుందట. నాకు దాని పేరు తెలియకపోయినా అది తన పని తాను చేసింది. నాలుక తిరిగి నా ఆధీనంలోకి రాగానే, ‘రెండు గుక్కల మధ్య అంగిలిని తొలి స్థితికి తెచ్చుకోవాలి’ అన్నాను. ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వ్రాయసగాడు మాత్రం దానికి కూడా రెండు గీతలు గీశాడు.

అప్పుడు మిగిలిన ముగ్గురూ, బుద్ధిమంతులు గనుక, పెదవి తడిసేంత మాత్రమే చప్పరించారు. వారికి మంట లేదు; గొంతులో హాయిగా వెచ్చదనం తగిలిందట. సందేహి లేబుల్‌ను దీపం దగ్గరకు తీసుకువెళ్లి, బ్రూవరీ చిరునామా అని నేను వదిలేసిన వరసను నింపాదిగా చదివాడు: ‘ఎండుమిరప. కొద్దికొద్దిగా చప్పరించండి.’ చదివి నా వైపు తిరిగి, ‘మీరు పొగ అన్నారే?’ అని అడిగాడు. ఇక్కడ నేను దొరికిపోవలసింది. కాని నాకంటే ముందు వ్రాయసగాడే జవాబు చెప్పాడు: గురువుగారు మిరపను ముందే పసిగట్టి పాలు తెప్పించారనీ, మన నోటితోనే ఆ మాట చెప్పించాలని చూస్తున్నారనీ అతని వ్యాఖ్యానం. నేను ఔననలేదు, కాదనలేదు, చిరునవ్వు నవ్వాను. పెదవులు వాచి ఉండడం వల్ల ఆ నవ్వు మరింత నిగూఢంగా కనిపించిందని తరువాత విన్నాను.

సందేహి ఊరుకోక, మిల్క్ స్టౌట్ అంటారే, అది ఇలా పాలతో కలిపి తాగేదేనా అని అడిగాడు. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర నిజమైన జవాబే ఉంది. మిల్క్ స్టౌట్‌లో పాలు పోయరు, పాలలో ఉండే లాక్టోజ్ అన్న చక్కెర కలుపుతారు. బీరు పులియబెట్టే ఈస్ట్‌కు దానిని తినే శక్తి లేదు గనుక ఆ తీపి చివరి దాకా మిగిలిపోతుంది. ఎంత స్పష్టంగా చెప్పినా నా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, ఎందుకంటే అప్పటికే గృహస్థు మరో మూడు పాలగ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ సాయంత్రం నేను చెప్పిన సత్యాలన్నీ గాలికి పోయాయి. ఆపదలో పుట్టిన అబద్ధం ఒక్కటి ఆచారమై నిలిచింది.

ఆ తరువాత మరో రెండుసార్లు సమావేశమయ్యాము. రెండు సీసాల్లోనూ మిరప ఊసే లేదు. ఈసారి కళ్లజోడు పెట్టుకుని చదివాను. అయినా ప్రతి చప్పరింపు తరువాత ముగ్గురూ గ్లాసు దించి నా వైపు చూస్తారు, నేను పాలు అందుకుంటే గాని తాము అందుకోరు. వ్రాయసగాడి పుస్తకంలో ఇప్పుడు ‘పాలకు ముందు’, ‘పాల తరువాత’ అని రెండు గడులు వెలిశాయి. వెనిల్లా అన్నది పాల తరువాతే స్పష్టంగా తగులుతుందని సందేహి సైతం ఒప్పుకున్నాడు. కాచిన నల్లని పానీయం మీద పచ్చి పాలు వరసగా పోసిన రాత్రి నా కడుపు ఏమనుకున్నదో మాత్రం ఆ రెండు గడులలో ఎక్కడా రాయలేదు.

నిన్న గృహస్థు నుంచి కబురు వచ్చింది. వచ్చే వారం ఒకేసారి నాలుగు సీసాలట. పాలు రెండు లీటర్లు సరిపోతాయా, మూడు తెప్పించమంటారా అని అడుగుతున్నాడు.