బూజుకు పదకొండు మంది పెద్దలు

శిలీంధ్రానికి మెదడు లేదు. ప్రకృతి పట్టించుకోకుండా వదిలేసిన ఈ లోటును పూడ్చే బాధ్యతను గుంటూరులో పదకొండు మంది భుజాన వేసుకున్నారు. వాళ్ల సంస్థకు ‘ఫంగల్ బయోటెక్నాలజీ కంపెనీ’ అని పేరు. వాళ్ల బృందానికి ‘లీడర్‌షిప్ టీమ్’ అని పేరు. కంపెనీ అసలు పేరు మాత్రం అడక్కండి. చెప్పానంటే ఇంకో నలుగురు అది మాదేనంటూ నా మీదికి తగాదాకొస్తారు.

తయారయ్యేది ట్రైకోడెర్మా పొడి. మిరప వేళ్లను కుళ్లబెట్టే శిలీంధ్రాల మీదికి వదిలే ఆకుపచ్చ బూజు అది. ఎదుటి శిలీంధ్రం పోగుకు చుట్టుకుంటుంది, దాని గోడలోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని కరిగిస్తుంది, లోపలున్నది తినేస్తుంది. ఇందులో ఏ దశలోనూ ఎవరి ఆమోదం కోసమూ ఆగదు. బయటివాళ్లకు ఇది నాయకత్వం అవసరం లేని వ్యాపారంలా కనబడొచ్చు. అది అజ్ఞానం.

ముందుగా చైర్మన్ గారు. సీఈవోకు స్వయానా మామగారు, కోల్డ్ స్టోరేజీ ఓనరు. జీవితమంతా మిర్చి టిక్కీలకు, అంటే బస్తాలకు, బూజు పట్టకుండా కాపలా కాసిన మనిషి. శిలీంధ్ర రంగంలో ఇంతకు మించిన అనుభవం ఎవరికుంది? సరిగా ఆరని కాయ మీద ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. అన్ని రకాలూ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా వాళ్లు ఆ సరుకు తీసుకోరు. బూజు వల్ల పోయిన డబ్బు బూజుతోనే రాబట్టాలన్నది చైర్మన్ గారి దార్శనికత. “మామయ్యగారూ, ఆ బూజు వేరు, ఈ బూజు వేరు” అని చెప్పే ధైర్యం అల్లుడికి ఇంకా రాలేదు. స్థలం కూడా మామగారిదే మరి.

అల్లుడుగారే వ్యవస్థాపకుడు, సీఈవో. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసి, నేలతల్లి పిలుపు విని వచ్చేశారు. లేఆఫ్ అని గిట్టనివాళ్లంటారు. బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో పెట్టుబడిదారుల ముందు ఆయన చేసిన ప్రసంగం ఈ మధ్య వాట్సాప్‌లో తెగ తిరిగింది. అమెరికాలో ఆరెగాన్ అడవి కింద ఆర్మిలేరియా అనే ఒకే ఒక్క శిలీంధ్రం సుమారు 965 హెక్టార్లు పాకిందనీ, దాని వయసు వేల ఏళ్లనీ, తమ కంపెనీ కూడా అలాగే విస్తరిస్తుందనీ చెప్పారు. చప్పట్లు మోగాయి. లెక్కలూ సరైనవే. చిన్న సంగతొకటి మిగిలిపోయింది. ఆ ఆర్మిలేరియా బతికేదే చెట్ల వేళ్లను కుళ్లబెట్టి. కంపెనీ ఏ జబ్బుకు మందు అమ్ముతోందో ఆ జబ్బునే సీఈవో గారు ఆదర్శంగా పెట్టుకున్నారన్నమాట. పోటీదారును గౌరవించడమంటే ఇదే.

సీవోవో గారు, అంటే రోజువారీ పనులు నడిపే పెద్ద, సీఈవోకు బావమరిది. వ్యాపారం ఒక కాలి మీద నిలబడకూడదని పక్క షెడ్డులో పుట్టగొడుగులు మొదలుపెట్టారు. వరిగడ్డి ఉడకబెట్టి, సంచుల్లో కూరి, ఆయిస్టర్ రకం విత్తనం వేసి వరసగా వేలాడదీశారు. పుట్టగొడుగులు పెంచేవాళ్లు నిద్రలో కూడా భయపడే శత్రువు పచ్చబూజు. ఆ పచ్చబూజే ట్రైకోడెర్మా. దాన్ని పక్క గదిలో బస్తాలకొద్దీ తయారు చేస్తున్నారు. నెల తిరక్కుండా సంచులన్నీ పచ్చబడ్డాయి. బోర్డు మినిట్స్‌లో దీన్ని నష్టమని రాయలేదు. ‘మన ప్రధాన ఉత్పత్తి సామర్థ్యానికి క్షేత్రస్థాయి నిరూపణ’ అని రాసి, బావమరిదికి అభినందన తీర్మానం చేశారు.

మిగతావారి గురించి క్లుప్తంగా. ఒక ఆడిటరు. డాలస్ నుంచి జూమ్‌లోకి వచ్చి ‘స్కేల్’ అనే మాట మాత్రమే వాడే ఒక బంధువు. ఒక గుండె డాక్టరు. ఈయన ఎందుకున్నారని ఎవరూ అడగలేదు, పెట్టుబడి పెట్టారు. గ్రోత్‌కు ఒకరు, బ్రాండ్‌కు ఒకరు, ‘కల్చర్’కు ఒకరు. ఈ మూడో ఆయన హెచ్ఆర్, పరీక్షనాళికల్లో పెంచే బూజు కల్చర్‌తో సంబంధం లేదు. సైన్స్ తెలిసిన రిటైర్డ్ ప్రొఫెసరు గారు కూడా ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు పిలుస్తారు: పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం కావలసినప్పుడు, సంక్రాంతి సంబరాలకు. కంప్లయన్స్‌కు, అంటే నిబంధనల అమలు చూడడానికి, ఇంకొకాయన వచ్చాక పదకొండు నిండింది. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ సెలవులకు వెళ్తూ కడక్కుండా వదిలేసిన పళ్లెంలో బూజు పట్టబట్టి పెన్సిలిన్ దొరికింది. ఆ ల్యాబులో మన కంప్లయన్స్ ఆయన ఉండి ఉంటే పళ్లెం ఆ సాయంత్రమే కడిగించి, ఫ్లెమింగ్‌కు మెమో ఇచ్చేవారు.

ఇంతమంది అందలంలో కూర్చున్నాక మోసేదెవరని మీరు అడగొచ్చు. మంగళగిరి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ. పొద్దున బూజుకు మేతగా బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఆ నీళ్లలో డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర, గడ్డకట్టించే అగార్ కలిపి, ఆవిరితో క్రిములను చంపే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలు. బూజును పెంచడం, టాల్క్ పొడిలో కలపడం, ప్లేట్ల మీద లెక్క చూడడం అన్నీ ఆమే. గ్రాముకు కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ, అంటే మొలకెత్తగల ప్రాణం ఉన్నవి, ఉండాలన్నది నిబంధన. ఈ అంకె పదకొండు మందిలో ప్రొఫెసరు గారికి మాత్రమే తెలుసు. చెప్పాను కదా, ఆయన సంక్రాంతికి వస్తారు.

పొట్లాలు పట్నంబజారు కొట్లకు చేరాక కథ ఇంకోలా ఉంటుంది. ట్రైకోడెర్మాకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. మే నెలలో గుంటూరు 40 దాటేస్తుంది. ‘చల్లని నీడలో ఉంచండి’ అన్న మాట పొట్లం వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ముందువైపు సీఈవో సంతకం, నాయకత్వ సందేశం ఉన్నాయి. కొట్టువాడు దాన్ని ఎండ తగిలే రేకు కింద తోరణంలా కడతాడు. రైతు కొనుక్కెళ్లి, పనిలో పనిగా కార్బెండజిమ్‌తో కలిపి పోస్తాడు. అది శిలీంధ్రాలను చంపే మందు. కొన్నదాన్నీ చంపుతుంది. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, వారం పది రోజులు నీడలో ఉంచాకే చేలో వేయాలి. ఫోను చేసినవాళ్లకు ఈ మాట చెప్పేది కూడా మంగళగిరి అమ్మాయే. కస్టమర్ కేర్ నంబరు ఆమెదే ఇచ్చారు.

మొన్న వేసవిలో ప్రత్తిపాడు వైపు పెద్దాయన ఒకరు ఫోను చేసి, “అమ్మాయ్, నేను తెచ్చిన ఈ పొట్లంలోది అసలు బతికుందంటావా?” అని అడిగారు. ఆమె ఆ ప్రశ్నను పైకి పంపింది. కంపెనీ చరిత్రలో సైన్స్‌కు సంబంధించి బోర్డు దాకా వెళ్లిన మొదటి ప్రశ్న ఇదే కావడంతో విజయవాడలో రెండు రోజుల మేధోమథనం పెట్టారు. ఉత్పత్తిలో ప్రాణం నిలబెట్టడానికి ప్రత్యేకంగా ఒక పెద్ద ఉండాలని తేలింది. ‘చీఫ్ వయబిలిటీ ఆఫీసర్’ పదవి సృష్టించి, చైర్మన్ గారి మనవణ్ని నియమించారు. కుర్రాడు మొన్ననే ఇంటర్ రాశాడు, ఖాళీగా ఉన్నాడు. అతని క్యాబిన్‌కు ఏసీ అవసరమైంది. బడ్జెట్ లేదని ఆడిటరు గారు అడ్డుపడితే, పొట్లాలు నిల్వచేసే గదిలో ఉన్నదాన్ని విప్పి తెచ్చి బిగించారు.