ఆసుకు మోటారు, మగ్గానికి మోటారు

పుట్టపాక, పోచంపల్లి వైపు నేత ఇళ్లలో తెగని వాదన ఒకటుంది. ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ లెక్కగా తిప్పి పేర్చడానికి, మిషను వచ్చింది, బాగానే ఉంది. మరి మగ్గం తొక్కడానికి కూడా చిన్న మోటారు బిగించాలా, వద్దా? ఆ వాదనను ఒక వదిన, ఒక మరిది నోట పెట్టి రాస్తున్నాను. వదిన పెళ్లయి వచ్చిన నాటి నుంచి చేత్తో ఆసు పోసిన మనిషి. మరిది ఇప్పటికీ తేలియా రుమాలు, అంటే నూనెలో నానబెట్టిన నూలుతో చేసే గుడ్డ, నేస్తాడు. నేను వదిన పక్షం. అయినా మరిది మాటను తేలిక చేసి రాయలేదు.

మరిది: ఒక్కొక్క మోటారే ఇంట్లోకి వస్తోంది వదినె. ముందు ఆసుకన్నారు. ఇప్పుడు మగ్గానికి అంటున్నాడు నీ కొడుకు. రేపు నేసే మనిషే అక్కర్లేదంటారు.

వదిన: ఆసు సంగతి నువ్వు మాట్లాడకు. ఏనాడన్నా దాని ముందర కూర్చున్నావా? ఇటు ఒక మేకు, దానికి ఎదురుగా నెలవంకలాగా వరస మేకులు. ఇటు మేకు నుంచి దారం తీసుకుపోయి, అటు ఒక్కో మేకుకు తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి. చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. మధ్యలో లెక్క తప్పితే పువ్వు పక్కకు జరుగుతుంది, నువ్వే వచ్చి కేకలేసేవాడివి. సాయంత్రానికి తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు నాకు.

మరిది: కష్టం కాదని నేనన్నానా? ఆసు చుట్టూ అమ్మ, నువ్వు, చెల్లె కూర్చుంటే ఇల్లు ఇల్లులా ఉండేది. పాటలు పాడేవాళ్లు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో అక్కడే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు స్విచ్ వేస్తున్నారు, టీవీ ముందు కూర్చుంటున్నారు.

వదిన: నొప్పి మర్చిపోవడానికి పాడినం అయ్యా! ఆ పాటలు నీకు వినసొంపుగా ఉన్నాయేమో గానీ, మీ అమ్మ ముసలితనంలో చెంబెడు నీళ్లు ఎత్తడానికి ఎంత తిప్పలు పడిందో నేను చూశాను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం కూడా తన తల్లి లక్ష్మమ్మను అట్లనే చూశాడు. బడి మధ్యలో మానేసిన పిల్లగాడు. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, అందరూ నవ్వుతుంటే 1999 నాటికి మిషను నిలబెట్టాడు. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతోంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పెద్ద పెద్ద మిల్లులోళ్లు ఎవరూ దీన్ని కనిపెట్టలేదు, గమనించావా? మా భుజాలతో వాళ్లకేం పని?

మరిది: బోరు కూడా కష్టం తీర్చడానికే వచ్చింది. చేదబావిలో నీళ్లు తోడే బాధ పోయిందని మర్రిగూడ, మునుగోడు వైపు ఎంత సంబరపడ్డారు! బోరు లోతుకు పోయేకొద్దీ రాతిపొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లతో పాటు పైకొచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు. దాటిన నీళ్లే తాగి తాగి ఎముకలు వంగిపోయిన పిల్లలను మనం చూడలేదా? మేలు ముందు కనిపిస్తుంది, కీడు ఇరవై ఏళ్లకు బయటపడుతుంది. నా భయమంతా అదే.

వదిన: ఆ భయం నాకూ ఉంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన పాత జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతని. ఆ పేరు విన్నప్పుడల్లా కడుపులో తిప్పినట్టవుతుంది. కానీ బోరును చూసి ప్రతి మిషనుకూ జడిస్తే ఎట్లా? నీ మగ్గం చూసుకో. తాడు లాగితే అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతుంది కదా, అది 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన కనిపెట్టిందట. నా మనవరాలు చదివి చెప్పింది. అంతకు ముందు నాడెను చేత్తోనే విసిరేవాళ్లు. మరి రంగు అంటకుండా నూలుకు వేసే ఆ చిటికీ కట్టు నువ్వు దేనితో కడుతున్నావు?

మరిది: సైకిల్ ట్యూబుతో.

వదిన: అదీ! డన్లప్ అనే పశువైద్యుడు 1888లో కొడుకు మూడుచక్రాల సైకిల్ కుదుపు తగ్గించడానికి గాలి టైరు చేశాడట. ఆ ట్యూబును సన్నగా పీలికలు కోసి నువ్వు నూలుకు బిగిస్తున్నావు. బిగువుగా పడుతుంది, రంగు లోపలికి దిగదు, విప్పి మళ్లీ వాడుకోవచ్చు. వెనకటికి దారంతో కట్టేవాళ్లు. నీ తేలియా ఎరుపు మాటేమిటి? చెట్టువేరు నుంచి తీసే ఆ రంగును జర్మనీవాళ్లు 1868లో ప్రయోగశాలలో చేశారు. ఆ అలిజరిన్ రంగు డబ్బా మీ ఇంటి గూట్లోనే ఉంది.

మరిది: ఉంది. అయితే ఆ డబ్బా ఒక్కటే ఉంటే తేలియా అవుతుందా? ఆముదం కాయలు కాల్చిన బూడిద నీళ్లు, నూనె కలిపి, అందులో నూలు నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి రోజుల తరబడి చేస్తేనే దానికి ఆ మెత్తదనం, ఆ వాసన. అందుకే 2020లో తేలియాకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటిదేనన్న ముద్ర, వచ్చింది. నువ్వు చెప్పినవన్నీ నా చేతికి సాయం వచ్చినవి. చెయ్యిని పక్కకు నెట్టినవి కావు. అసలు దెబ్బ కొట్టింది అచ్చు మిషను. మన పువ్వు ఫొటో తీసి మిల్లు గుడ్డ మీద వేసి ఐదొందలకు అమ్ముతున్నారు.

వదిన: దాన్ని తలుచుకుంటే నాకూ మండుతుంది. పోచంపల్లికి 2005లోనే గుర్తింపు వచ్చింది. చేతిమగ్గానికే కొన్ని రకాలు వదిలిపెడుతూ 1985లో చట్టం చేశారు. ఏం లాభం? కొనేవాళ్లు చీర తిరగేసి చూడరు. మనది రెండు పక్కలా ఒకే రంగు, పువ్వు అంచులు కొంచెం పాకినట్టుంటాయి. అచ్చుది వెనక వెలిసిపోయి ఉంటుంది. కానీ మరిదీ, ఆసు మిషను నా భుజం మీది బరువు దించింది, అచ్చు మిషను నా కొడుకు కూలి తినేసింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయమా? ఏ మిషను వచ్చినా నేను అడిగేది ఒక్కటే, ఎవరి బరువు దిగింది, ఎవరి నోటికాడి కూడు పోయింది?

(ఇంతవరకు వదిన మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఇక్కడి నుంచి మరిది వాదనకు బలం ఎక్కువుంది, ఒప్పుకోవాలి.)

మరిది: సరే, నీ లెక్కలోనే చెప్తా. ఆసు మగ్గం ఎక్కక ముందు పని. దానికి మోటారు పెట్టినా నేత చేతిదే. మగ్గం తొక్కుడుకే మోటారు పెడితే? ఇవాళ కాలికి, రేపు నాడెకు. అప్పుడు మరమగ్గానికీ మనకూ తేడా ఏం చూపిస్తావు? 1985 చట్టం నిలబడింది ఆ తేడా మీదే. మనమే ఆ గీత చెరిపేస్తే, సిరిసిల్ల మరమగ్గమైనా సూరత్ మరమగ్గమైనా వచ్చి చేనేతేనని కూర్చుంటుంది. మన కూడు మనమే తీసి వాళ్ల కంచంలో పెట్టినట్టు.

వదిన: నా కొడుకు మోకాళ్లు పోయినాయి. నలభై దాటకముందే మెట్లు ఎక్కలేకపోతున్నాడు. చట్టం చూసుకుంటూ కూర్చోమంటావా వాణ్ణి?

మరిది: కూర్చోమనలేదు. గుంట మగ్గం తీసేసి ఎత్తు మగ్గం పెట్టుకోమను. తొక్కుడు బరువు తగ్గేలా చేసి ఇచ్చే వడ్రంగిని వెతుకుదాం. ఖర్చులో సగం నేనిస్తా.

వదిన: వెతుకు. అది కుదరకపోతే?

మరిది: కుదరకపోతే పెట్టుకోమను. కానీ ఆ చీర మీద చేనేత గుర్తు వేయనివ్వను.

వదిన: సాయంత్రం వస్తాడు. ఆ మాట వాడి ముందరే అను, నేనూ ఉంటా.