కూజాను చెక్కరండీ బాబూ, తట్టి చేస్తారు

మా కుటుంబం గ్రూపులో ఆ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. "చైనాలో 5000 ఏళ్ల నాటి కళ. ఒక్కో టీ కూజాను ఒకే రాతి నుంచి చేత్తో చెక్కుతారు. కొన్నేళ్లు వాడితే ఇక టీ ఆకు అక్కర్లేదు, వేడినీళ్లు పోస్తే చాలు. నీళ్లలోని విషాలన్నీ పీల్చేస్తుంది. ఎప్పుడూ కడగకూడదు." కింద ఓ డజను దణ్ణాలు. పంపింది బాబాయ్ కాబట్టి అక్కడ నోరు మూసుకుని ఇక్కడ రాస్తున్నా.

ఫొటోలో ఉన్నవి యీషింగ్ కూజాలు. యీషింగ్ అనేది చైనాలో జియాంగ్సు రాష్ట్రంలో, తైహూ సరస్సు పక్కన ఉన్న ఊరు.

ముందు ఆ 5000 ఏళ్ల సంగతి. మట్టిపాత్రలు అంత పాతవే, కాదనను. కానీ టీ కూజా? పాతకాలంలో చైనావాళ్లు టీ ఆకును ఉండలుగా, బిళ్లలుగా చేసుకుని, పొడి కొట్టి మరిగించేవారు, తర్వాత గిన్నెలో వేసి చిలికేవారు కూడా. 1391లో మింగ్ వంశపు చక్రవర్తి బిళ్లల టీని కప్పంగా పంపడం ఆపించాక విడి ఆకును వేడినీళ్లలో నానబెట్టే పద్ధతి బాగా పాకింది, దాంతో చిన్న కూజా అవసరం పడింది. నాన్‌జింగ్‌లో 1533 నాటి ఓ సమాధిలో దొరికిన యీషింగ్ కూజాను తేదీ తెలిసినవాటిలో బాగా పాతదిగా చెబుతారు. అంటే సుమారు 500 ఏళ్లు. అదేమైనా తక్కువా?

రాతి నుంచి చెక్కుతారన్న దాంట్లో ఆవగింజంత నిజముంది. ఈ కూజాలు చేసే మట్టి గనిలోంచి రాయిలాగే వస్తుంది. ఎండకీ వానకీ నెలల తరబడి బయట వదిలేస్తే విరుగుతుంది, అప్పుడు దంచి, జల్లించి, నీళ్లు కలిపి ముద్ద చేసి మాగబెడతారు. తర్వాత ఉలి కాదు, అసలు కుమ్మరి సారె కూడా కాదు. ముద్దను చెక్క సుత్తితో పల్చటి పలకగా కొట్టి, కొలిచి కోసి, గుండ్రంగా చుట్టి అతుకుతారు. ఆ గొట్టాన్ని లోపలి నుంచి ఓ చేత్తో పట్టుకుని తిప్పుతూ, పైనుంచి చెక్కతో తడుతూ ఉంటే మెల్లగా పొట్ట వస్తుంది, పైఅంచు దగ్గరకు వస్తుంది. నాకైతే ఈ పనిలో ఇదే అద్భుతం. ఒక దెబ్బ గట్టిగా పడిందా, పొట్ట సొట్టే. టీ పోసే కొమ్ము, పిడి విడిగా చేసి అతికించి, గేదెకొమ్ము రేకుతో పైన నున్నగా చేసి, 1100 నుంచి 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు.

చెక్కడం లేదా అంటే ఉంది, కానీ అది పైపని. కూజా సగం ఆరాక కత్తితో పద్యమో వెదురు కొమ్మో గీస్తారు. 1810ల ప్రాంతంలో పక్క ఊరు లీయాంగ్‌లో అధికారిగా పనిచేసిన చెన్ హోంగ్‌షౌ దీనికి బాగా పేరు తెచ్చాడు, కవిత్వం ఆయనది, కూజాలు యాంగ్ పెంగ్‌నియన్ అనే పనివాడివి.

ఇక ఆకు లేకుండా టీ. లోపల గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉండదు, సన్నటి రంధ్రాలుంటాయి, కాబట్టి వాసన కొంత పట్టుకుంటుంది, నిజమే. అందుకే చాలామంది ఒక కూజాకు ఒకే రకం టీ అని పెట్టుకుంటారు. మన చేపల పులుసు చట్టికీ వాసన పట్టి ఉంటుంది కదా, దాంట్లో ఒట్టి నీళ్లు కాచి అన్నంలో పోసుకుంటారా ఎవరైనా?

విషాలు పీల్చడం మాటకు ఆధారమే లేదు. తిరగేస్తే భయపడాల్సిన విషయం ఒకటుంది. 2010లో చైనా ప్రభుత్వ టీవీయే ఓ కార్యక్రమంలో, కొందరు మామూలు మట్టికి రసాయన రంగులు కలిపి యీషింగ్ మట్టి అని అమ్మేస్తున్నారని చూపించింది. చవగ్గా దొరికే 'అసలైన' కూజా కనిపిస్తే ఇది గుర్తుంచుకోండి.

కడగొద్దనేది సగం నిజం. సబ్బు వద్దంటారు, వాసన పట్టేస్తుందని. కానీ తడి ఆకు లోపలే వదిలేస్తే బూజు పడుతుంది, కాబట్టి తాగగానే ఆకు పారేసి, వేడినీళ్లతో తొలిచి, మూత తీసి ఆరబెట్టాలి. బాబాయ్ ఇప్పటికే ఒకటి కొనేశారని పిన్ని చెప్పింది, దాంట్లో అల్లం టీ పోస్తున్నారట, పాలతో.