బతికున్న భాషకు బడిలో చోటేదీ?

ఆస్ట్రేలియా పీఆర్ కోసం ప్రయత్నించిన తెలుగువాళ్లకు అక్కడి అనువాదకుల గుర్తింపు సంస్థ ‘నాటి’ (NAATI) పెట్టే సీసీఎల్ పరీక్ష గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో విన్నది తెలుగులో, తెలుగులో విన్నది ఇంగ్లిష్‌లో తడుముకోకుండా చెప్పగలిగితే వీసా లెక్కలో 5 పాయింట్లు కలుస్తాయి. దాని చుట్టూ కోచింగులు, మాక్ టెస్టులు, వాట్సాప్ గ్రూపులు. మంచిదే. కానీ పరాయి భాష వచ్చినందుకు పాయింట్లిచ్చే ఆ దేశంలోనే, సొంత గడ్డ మీద సొంత భాష మాట్లాడినందుకు మనుషుల్ని అరెస్టు చేసిన రోజులున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో విరాడ్జురి అనే ఆదిమవాసుల భాషను మళ్లీ జనంలోకి తెచ్చిన పెద్దాయన స్టాన్ గ్రాంట్ సీనియర్. ఆయన చిన్నప్పుడు తాత పార్కులో ఆయన్ను విరాడ్జురిలో కేకేసి పిలిచాడు. పోలీసులు తాతను పట్టుకెళ్లారు. ఆ తర్వాత తాత ఊళ్లో ఆ భాష ఎత్తలేదు. నేర్పాల్సింది ఏమైనా ఉంటే పిల్లాణ్ని ఊరి బయట పొదల్లోకి తీసుకెళ్లి నేర్పాడు.

1788లో బ్రిటిష్ వాళ్లు దిగేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలున్నాయి. 2020లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం ఏదో ఒక రూపంలో వాడుకలో ఉన్నవి, లేదా తిరిగి నేర్చుకుంటున్నవి 123. పిల్లలు పుట్టుకతో నేర్చుకుంటున్న గట్టి భాషలు 12 మాత్రమే. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో ఈ భాషలు మాట్లాడతామన్న ఆదిమవాసులు, టోరెస్ జలసంధి దీవుల వాళ్లు అంతా కలిపి 77 వేల మంది లోపే. అదే లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 60 వేలు. నిన్న మొన్న ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన మన సంఖ్యకూ, వేల ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్ల భాషలన్నిటి మొత్తానికీ తేడా అంతే.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలిసిన కథే. భూమి లాక్కున్నారు, మిషన్ హాస్టళ్లలో పెట్టి భాష మాట్లాడితే కొట్టారు, దాదాపు 1910 నుంచి 1970 దాకా పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి ఎత్తుకుపోయారు. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. క్షమాపణ తర్వాత ఏం చేశారన్నదే ఇక్కడ ప్రశ్న.

చెప్పుకోదగ్గ పని జరిగిన చోటు అడిలైడ్. ఆ నగరం ఉన్నది కౌర్నా జాతి నేల మీద. ఆ భాష మాట్లాడినవాళ్లలో చివరి వ్యక్తిగా చెప్పే ఇవారిట్జి అనే మహిళ 1929లో చనిపోయారు. అప్పటికి సౌండ్ రికార్డింగులు కూడా పెద్దగా లేవు. మిగిలింది కాగితాలే. 1838లో ఇద్దరు జర్మన్ లూథరన్ మిషనరీలు, టైకెల్‌మన్, షూర్‌మన్, అక్కడికి వచ్చారు. మరుసటి ఏడు టోరెన్స్ నది ఒడ్డున పిల్టావొడ్లిలో బడి తెరిచి పిల్లలకు కౌర్నాలోనే చదవడం, రాయడం నేర్పారు. 1840లో వ్యాకరణం, దాదాపు 2000 మాటల పట్టిక అచ్చేశారు. మతం మార్చడానికి వచ్చినవాళ్లే అయినా, పిల్లల భాషలో చెబితేనే చెవికెక్కుతుందన్న ఇంగితం వాళ్లకుంది. ప్రభుత్వానికి లేదు. 1845లో ఆ బడి మూతపడి పిల్లలు ఇంగ్లిష్ బడికి మారారు. ఆ పిల్లలు రాసిన ఉత్తరాలు కొన్ని ఎక్కడో జర్మనీలో, లైప్‌జిగ్ భాండాగారంలో భద్రంగా ఉండిపోయాయి.

ఈ కాగితాలే పెట్టుబడిగా 1990లో పాటలు కట్టడంతో పని మొదలైంది. కౌర్నా పెద్దలు, వాళ్లతో భాషావేత్త రాబ్ అమెరీ కూర్చుని ఒక్కో మాటా పైకి తీశారు. పాత పట్టికలో లేనివి చాలానే అవసరపడ్డాయి. ఉదాహరణకు అంకెలు. కౌర్నాలో పెద్ద అంకెలకు మాటల్లేవు, కానీ పుట్టిన వరసను బట్టి పిల్లలకు పెట్టే పేర్లు తొమ్మిదో సంతానం దాకా ఉన్నాయి. ఆ పేర్లలోంచే అంకెలు తయారు చేసుకున్నారు. చావు ఇంట్లో ఏం మాట్లాడాలో చెప్పే పుస్తకం కూడా తెచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. స్టేజీ మీద స్వాగతం పలకడానికి నాలుగు ముక్కలు బట్టీ పడితే చాలు, సొంత మనిషి పోయినప్పుడు నోట్లోంచి వచ్చిందంటే ఆ భాష నిజంగా ఇంట్లోకి వచ్చినట్టు.

ఇప్పుడు టోరెన్స్ నదికి కర్రవిర్రా పారి అన్న పేరు కూడా అధికారికం. నగరంలోని పార్కులకు కౌర్నా పేర్లున్నాయి. ఇదేదో బోర్డులు మార్చే తంతు అని తీసిపారేయడం తేలిక. నేను అలా అనను. తాత ముత్తాతల భాష అయిపోయిందని పుస్తకాలు రాసేశాక దాన్ని మళ్లీ నోటికి తెచ్చుకోవడం ఆషామాషీ కాదు. టాస్మానియాలో ‘పలావా కాని’ అనే భాషను అక్కడి ఆదిమవాసుల కేంద్రమే నడుపుతోంది. ఎవరు నేర్చుకోవాలి, ఎక్కడ వాడాలి అన్నది తామే చెబుతామంటోంది. ఒకసారి ఒంటి మీది బట్టతో సహా పోగొట్టుకున్నవాళ్లు ఆ మాత్రం పట్టు బిగించడంలో వింతేముంది?

నా అభ్యంతరం వేరే. ప్రభుత్వాలకు, మీడియాకు పోయిన భాష తిరిగి లేచిందన్న వార్త మీద ఉన్న మోజు, ఇంకా బతికున్న భాష మీద లేదు. 2020 డిసెంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియా రగ్బీ జట్టు జాతీయ గీతాన్ని ముందు ఎయోరా అనే ఆదిమ భాషలో పాడితే దేశమంతా కళ్లు చెమర్చుకుంది. పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది, బడ్జెట్ అడగదు. బతికున్న భాష అలా కాదు. టీచర్లను అడుగుతుంది, పాఠ్యపుస్తకాలు అడుగుతుంది, ఆసుపత్రిలో, కోర్టులో దుబాసీలను అడుగుతుంది. అక్కడే చేయి బిగుసుకుంటుంది.

ఆ గట్టి భాషల్లో చాలావరకు ఉన్నది ఉత్తరాన, మధ్య ఎడారిలో. ఉత్తరాన నార్తర్న్ టెరిటరీలో, ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యిర్కలా అనే ఊరు తీసుకోండి. తమ భూమిలో బాక్సైట్ గనికి అనుమతులిచ్చినప్పుడు అక్కడి యోల్ంగు జాతి పెద్దలు 1963లో పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. తమ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ టైపు చేసి, చెట్టు బెరడు మీద బొమ్మలు గీసి, వాటి మధ్య అంటించి పంపారు. ఆ అర్జీ ఇప్పటికీ కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో అద్దాల వెనక ఉంది. పదేళ్లకు, 1973లో, నార్తర్న్ టెరిటరీ బడుల్లో రెండు భాషల చదువు మొదలైంది. చిన్న తరగతుల్లో ఇంటి భాషలో చదవడం, రాయడం నేర్పుతూ ఇంగ్లిష్‌ను ముందు నోటి మాటల్లో అలవాటు చేసి, నాలుగైదు తరగతులకొచ్చేసరికి చదువు బరువును ఇంగ్లిష్ మీదికి మార్చుతారు. పుస్తకాల కోసం ఊళ్లలోనే చిన్న ప్రచురణ కేంద్రాలు పెట్టారు.

2008లో దేశమంతటికీ కలిపి నాప్‌లాన్ పరీక్ష వచ్చింది. మూడో తరగతిలోనే మొదలు, అంతా ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్ చదువు ఇంకా అందుకోని పిల్లలు అందులో తప్పకపోతే ఆశ్చర్యపోవాలి. మార్కులు రాగానే, ఆ ఏడాది అక్టోబరులోనే, టెరిటరీ ప్రభుత్వం కొత్త ఆదేశం ఇచ్చింది. రోజూ బడిలో మొదటి నాలుగు గంటలు ఇంగ్లిష్‌లోనే చదువు చెప్పాలన్నది దాని సారం. ప్రకటించిన మంత్రి కూడా ఆదిమవాసి మహిళే. మిగిలే సమయం మధ్యాహ్నం. ఆ ఎండలో, అన్నం తిన్నాక, ఎంతమంది పిల్లలు క్లాసులో కూర్చుంటారో ఏ టీచరునడిగినా చెబుతారు. కొన్నేళ్లకు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టారు గానీ, దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. మధ్య ఎడారిలోని యువెండుమూ వంటి వార్ల్‌పిరి జాతి ఊళ్లలో భాష చదువును నిలబెట్టింది ఎక్కువగా 2005లో వాళ్లే పెట్టుకున్న ట్రస్టు. దానికి డబ్బు తనామి ఎడారిలోని బంగారు గని రాయల్టీ నుంచి వస్తుంది. అంటే, భూమి తవ్వినందుకు వచ్చిన సొమ్మును, మరో చోటైతే ప్రభుత్వమే పెట్టే బడి ఖర్చుకు వాళ్లు ధారపోస్తున్నారు.

బడి సంగతి అలా ఉంచితే, సభలోనూ అంతే. 2016లో వార్ల్‌పిరి మాతృభాషగా ఉన్న మంత్రి బెస్ ప్రైస్ టెరిటరీ శాసనసభలో తన భాషలో మాట్లాడతానంటే, అనుమతి లేకుండా ఇంగ్లిష్ కాని భాష వాడటం సభా మర్యాద కాదని స్పీకర్ చెప్పారు.

ఇంగ్లిష్ అక్కర్లేదా అని అడిగేవాళ్లుంటారు. అక్కరే. తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు, అడగాలి కూడా. కేప్ యార్క్ నాయకుడు నోయెల్ పియర్సన్ తన గూగు యిమితిర్ భాషను నెత్తిన పెట్టుకునే మనిషే, అయినా అక్కడి బడుల్లో ఇంగ్లిష్‌ను గట్టిగా రుద్దే పద్ధతి తెచ్చారు. ఆయన ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఇంటి భాష తీసేస్తే ఇంగ్లిష్ దానంతటదే వస్తుందన్న లెక్కకు ఆధారం కనబడదు. రెండు భాషల్లో చదువు చెప్పిన యిర్కలా బడి నుంచే 2020లో ఎనిమిది మంది విద్యార్థులు యూనివర్సిటీ ప్రవేశానికి కావాల్సిన స్కోరుతో బయటికొచ్చారు. ఆ ఊళ్లోనే ఉండి ఆ స్కోరు తెచ్చుకున్న మొదటి బ్యాచ్ అది. ఇక భాషను పట్టించుకోకపోతే ఎంత ఖరీదో తెలియాలంటే పశ్చిమ ఆస్ట్రేలియా కేసు ఒకటి చాలు. ఎడారి ఊరి యువకుణ్ని ఓ మృతి కేసులో పోలీసులు దుబాసీ లేకుండా విచారించారు. తర్వాత అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాక 2017లో కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. అతనికి ఇంగ్లిష్ సరిగా అర్థం కాలేదన్నది అందులో ముఖ్యమైన కారణం.

చేయాల్సిన పని కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. యోతు యిందీ బ్యాండ్ గాయకుడిగా ప్రపంచానికి తెలిసిన మండావుయ్ యునుపింగు అసలు వృత్తికి టీచరు. 1980లలో డీకిన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తీసుకుని, 1990లో యిర్కలా బడికి ప్రిన్సిపల్ అయ్యారు. 1992లో దేశం ఆయన్ను ఆ ఏటి మేటి ఆస్ట్రేలియన్‌గా ఎంపిక చేసింది. అప్పట్లో టెరిటరీలోని బ్యాచెలర్ అనే ఊరి కాలేజీ, యూనివర్సిటీలు ఊళ్లకే వెళ్లి, ఆ ఊరి మనుషుల్నే టీచర్లుగా తయారు చేసేవి. కుటుంబాల్ని వదిలి వేల కిలోమీటర్ల దూరంలోని నగరానికి వెళ్లాల్సిన పని లేకపోవడం వల్లే అది నడిచింది. తర్వాత నిధులు తగ్గాయి, ఆ పద్ధతి సన్నగిల్లింది, అలా తయారైన టీచర్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. ఏటా కొత్తగా అప్లై చేసుకోవాల్సిన గ్రాంటుతో టీచరు తయారవదు. నాలుగైదేళ్ల జీతం గ్యారంటీ, ఊళ్లోనే ట్రైనింగు, చివర్లో పక్కా ఉద్యోగం కావాలి. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆదిమ భాషల దశాబ్దం 2032తో ముగుస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే అప్పటికి ఒక బ్యాచ్ టీచర్లయినా క్లాసుల్లో ఉంటారు.